శాలువాతో సరిపెట్టే పని కాదిది

పేటలో పిల్లల్ని పోగేసి ఆడించడం, పాటలు నేర్పడం, పెద్దవాళ్లకు సాయంత్రం పూట కాలక్షేపం ఏర్పాటు చేయడం, పండక్కి నలభై కుటుంబాలను ఒకచోట కూర్చోబెట్టడం ఒక ఉద్యోగమని చెబితే మన ఇళ్లలో చాలామంది నమ్మరు. "ఇంట్లో ఖాళీగా ఉంది కదా, ఏదో చేస్తోంది" అంటారు. అమెరికా, కెనడా, సింగపూర్ లాంటి చోట్ల ఇదే పనికి పోస్టు ఉంది, శిక్షణ ఉంది, నెలనెలా జీతం ఉంది. చెన్నై నుంచి ఆ దేశాలకు వెళ్లిన తెలుగు ఆడవాళ్లలో ఈ పని చేస్తున్నవాళ్లు చాలామందే. కొందరు జీతానికి చేస్తున్నారు, ఎక్కువమంది ఊరికే చేస్తున్నారు. ఆ తేడా వాళ్ల ప్రతిభలో లేదు. వీసాలో ఉంది, మన సంఘాల ఖర్చుల పట్టీలో ఉంది, ఆడవాళ్ల పనిని ఇంటి పనికి కొనసాగింపుగా చూసే అలవాటులో ఉంది. ఈ అలవాటు వల్ల నష్టపోతున్నది వాళ్లే కాదు, చెన్నైలో పెరుగుతున్న తెలుగు పిల్లలు కూడా అని నా వాదన.

విదేశాల్లోనూ ఈ ఉద్యోగం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ కలిసి షికాగోలో హల్ హౌస్ పెట్టారు. ఫ్యాక్టరీ పనికి వలస వచ్చిన కుటుంబాల మధ్య, ఒక పాత ఇంట్లో మొదలైన ఆ కేంద్రంలోకి చిన్నపిల్లల బడి, సంగీతం, నాటకాలు, ఆటస్థలం ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. పిల్లల్ని ఆడించడం ఎలాగో పెద్దవాళ్లకు నేర్పే శిక్షణను అక్కడ నీవా బాయిడ్ నడిపారు. 1906లో ప్లేగ్రౌండ్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా ఏర్పడింది. ఆ బాటలో పుట్టిన రకరకాల సంస్థలు కలిసి 1965లో నేషనల్ రిక్రియేషన్ అండ్ పార్క్ అసోసియేషన్ అయ్యాయి. ఇప్పుడు ఆ రంగంలో పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో ఆటపాటలతో రోగుల్ని కోలుకునేలా చేసేవాళ్లకు వేరే సర్టిఫికెట్ ఉంది. సింగపూర్‌లో అయితే ప్రభుత్వమే 1960లో పీపుల్స్ అసోసియేషన్ పెట్టి, పేటపేటకూ కమ్యూనిటీ క్లబ్బులు నడుపుతోంది.

అక్కడ కూడా ఆడవాళ్లకు అన్యాయం జరగలేదని కాదు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికన్ రెడ్ క్రాస్ 1965 నుంచి 1972 దాకా 627 మంది యువతులను అక్కడికి పంపింది. డిగ్రీ ఉన్నవాళ్లనే తీసుకున్నారు. అట్టముక్కల మీద చేత్తో క్విజ్ బోర్డులు తయారుచేసుకుని, హెలికాప్టర్లలో సైనిక శిబిరాలకు వెళ్లి, చావు అంచున ఉన్న కుర్రాళ్లతో ఓ గంట ఆటలాడించి వచ్చేవాళ్లు. తిరిగొచ్చాక మాజీ సైనికులకు ఇచ్చే సదుపాయాలు వాళ్లకు లేవు. నవ్వించడం, మాట కలపడం ఆడపిల్లకు పుట్టుకతో వస్తుందనే నమ్మకం అన్ని దేశాల్లోనూ ఉంది. దాన్ని దాటి ఆ పనికి నియమాలు, శిక్షణ, జీతం తెచ్చుకోవడానికి వాళ్లకు దశాబ్దాలు పట్టింది.

ఆ శిక్షణ ఎలాంటిదో నాకు ఒకావిడ వల్ల దగ్గరగా తెలిసింది. మైలాపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగావిడ. కెనడాలో ఒక నగరపాలక సంస్థ కమ్యూనిటీ సెంటర్‌లో పనిచేసి ఇప్పుడు చెన్నైకి వచ్చేశారు. ఉద్యోగంలో చేరేముందే పోలీసు తనిఖీ, ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ సర్టిఫికెట్లు కావాలన్నారట. పిల్లలతో ఎలా మెలగాలో నేర్పే 'హై ఫైవ్' అనే శిక్షణ కూడా తీసుకోవాల్సి వచ్చింది. ఒంటారియో రాష్ట్రంలో మొదలైన కోర్సు అది. ఎంతమంది పిల్లలకు ఒక పెద్దమనిషి ఉండాలి, ఏ పిల్లాడికి వేరుశెనగ పడదు, ఎవరి పిల్లను ఎవరు తీసుకెళ్లవచ్చు, దెబ్బ తగిలితే ఏ ఫారం నింపాలి అన్నీ రాతలో ఉండాలి. ఇదంతా సరే. ఆవిడ చెప్పిన వాటిలో నాకు బాగా పట్టింది ఇంకొకటి. తల్లిదండ్రులకు కెనడా ఇచ్చే సూపర్ వీసా మీద కొడుకు దగ్గరికి వచ్చిన ఒక గుంటూరు బామ్మగారు రోజూ మనవణ్ణి దింపడానికి వచ్చి, ఇంగ్లీషు రాక, గోడవారన కోటు విప్పకుండా నిలబడి ఉండేవారట. "రండి, కూర్చోండి" అని ఎన్నిసార్లు పిలిచినా నవ్వి ఊరుకునేవారు. ఒకరోజు ఈవిడ రంగు సుద్దలు ఆమె చేతిలో పెట్టి, "పిల్లలకు ముగ్గు వేయడం రావట్లేదు పిన్నిగారూ, నాకూ చుక్కలు కుదరట్లేదు" అన్నారు. ఆ వారంలోనే బామ్మగారి బల్ల దగ్గర చైనా పిల్లలు, పంజాబీ పిల్లలు వరసలో నిలబడ్డారు. మనిషిని రమ్మని పిలిస్తే రాదు, చేతికి పని ఇస్తే వస్తుంది. ఇది పుట్టుకతో వచ్చిన మంచితనం మాత్రమే కాదు, ఎన్నో ఏళ్లు మనుషుల్ని గమనించి నేర్చుకున్న పనితనం. అక్కడ దానికి జీతం ఇచ్చారు.

అమెరికా వెళ్లిన వాళ్ల కథ వేరు. పెళ్లయి వెళ్లే అమ్మాయిల్లో చాలామంది వెళ్లేది హెచ్-4 వీసా మీద. భర్త హెచ్-1బి ఉద్యోగాన్ని పట్టుకుని వచ్చే వీసా అది, దాని మీద ఉద్యోగం చేయకూడదు. 2015 మే నుంచి, భర్త గ్రీన్ కార్డు ప్రక్రియలో ఐ-140 అనే దశ ఆమోదం పొందితే భార్యకు పని అనుమతి ఇస్తున్నారు. ఆ దశ రాని వాళ్లలో చాలామందికి ఇప్పటికీ లేదు. ఇంజనీరింగో ఎంబీఏనో చదివిన పిల్ల, చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకున్న పిల్ల, చేతులు ముడుచుకుని ఎన్నాళ్లు కూర్చుంటుంది? తెలుగు సంఘం ఉగాదికి పిల్లల నృత్యం చేయించమంటుంది. గుడిలో ఆదివారం శ్లోకాలు నేర్పమంటారు. 1977లో న్యూయార్క్‌లో తానా తొలి మహాసభ జరిగినప్పటి నుంచీ అమెరికా తెలుగు వేదికల వెనుక ఇలాంటి ఆడవాళ్ల సాయంత్రాలే ఉన్నాయి. 2007లో మొదలైన మనబడిలో చదువు చెప్పేది కూడా స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. 1963లో మద్రాసులో వెంపటి చినసత్యం గారు పెట్టిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ విద్యార్థినులు ఎన్నో దేశాల్లో ఇవాళ గురువులు. వాళ్లలో పేరు తెచ్చుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, పేరు రాకుండా బేస్‌మెంట్‌లో నలుగురు పిల్లలతో మొదలుపెట్టి ఆ ఊరికే తెలుగుదనం తెచ్చినవాళ్లు అంతకు ఎన్నో రెట్లు.

ఆ అమ్మాయి కొన్నేళ్లకు చెన్నై తిరిగి వస్తుంది. అత్తమామల ఆరోగ్యం బాగాలేకో, పిల్లల చదువు కోసమో. ఉద్యోగానికి బయోడేటా పంపితే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న "ఈ కెరీర్ గ్యాప్ ఏంటి?" ఆ గ్యాప్‌లో ఆమె ఏటా రెండు వందల మంది పిల్లలతో కార్యక్రమం నడిపింది. హాలు బుక్ చేసింది, తల్లిదండ్రుల తగాదాలు తీర్చింది, స్పాన్సర్ల దగ్గర డబ్బు తెచ్చింది, లెక్కలు అప్పజెప్పింది. ఓఎంఆర్ రోడ్డు మీద ఏ ఐటీ కంపెనీలోనైనా ఇదే పనికి ఈవెంట్ మేనేజరని, ప్రాజెక్ట్ కోఆర్డినేటరని పేర్లున్నాయి. ఈమె దగ్గర మాత్రం చూపించడానికి ఒక్క కాగితం కూడా లేదు. ఏ సంఘమూ అనుభవ పత్రం రాసివ్వలేదు. ఇవ్వాలని ఎవరికీ తోచలేదు, అడగాలని ఆమెకూ తోచలేదు.

చెన్నై తెలుగువాళ్లు దీన్ని ఎవరో చెబితే నేర్చుకోవాల్సిన అవసరం లేదు. ఈ పని ఇక్కడ మన కళ్లముందే పుట్టింది, రెండు రకాలుగా ముగిసింది.

మార్గరెట్ కజిన్స్ సంగతి చూడండి. ఐర్లండులో సంగీతంలో డిగ్రీ చేసి, భర్త జేమ్స్‌తో కలిసి 1915లో ఇక్కడికి వచ్చింది. తన జీవితంలో మిగిలిన సగం పరాయి దేశంలో సంస్కృతి పని, స్త్రీల పని చేస్తూ గడిపింది. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో భర్త ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు, 1919 ఫిబ్రవరిలో అక్కడికి వచ్చిన టాగూరు జనగణమన పాడారు. ఆ పాటకు స్వరాలు రాసిపెట్టింది ఈమే. టాగూరు దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది కూడా అక్కడే. అంతకు రెండేళ్ల ముందు, 1917లో, అడయార్‌లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టడంలో ముందున్నది ఆమె. అదే ఏడాది డిసెంబరులో సరోజినీ నాయుడితో పాటు బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి ఆడవాళ్లకు ఓటు కావాలని అడిగిన బృందం వెనుకా ఆమే ఉంది. మద్రాసు శాసనసభ 1921లో ఆ హక్కు ఇచ్చింది. 1927లో పూనాలో అఖిల భారత మహిళా సభ మొదలవడానికి కారకురాలు ఆమే. 1932లో జైలుకూ వెళ్లింది. 1944లో పక్షవాతం వచ్చింది. పదేళ్లు మంచం మీదే. మద్రాసు ప్రభుత్వం, ఆ తర్వాత నెహ్రూ డబ్బు సాయం చేయాల్సి వచ్చింది. 1954లో పోయింది. ఇన్ని సంస్థలకు పురుడుపోసిన మనిషి చివరి రోజులు ఇంకొకరి దయ మీద గడవాల్సి రావడం గురించి మనం ఎక్కువగా మాట్లాడుకోం. జాతీయగీతం కథ చెప్పి ఊరుకుంటాం.

ఇదే నగరంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి దారి వేరు. రాజమండ్రిలో పుట్టిన ఆవిడ మైలాపూర్‌లో మొదట మొదలుపెట్టింది పిల్లల క్లబ్. 'లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్' అని దాని పేరు. ఆడపిల్లలు చేరి ఆడుకునే, పాడుకునే ఆ క్లబ్ లోంచే 1937లో ఆంధ్ర మహిళా సభ వచ్చింది. తర్వాత వచ్చిన ఆసుపత్రి, బడులు, నర్సుల శిక్షణ, హైదరాబాద్ శాఖ అందరికీ తెలిసినవే. అయితే ఆటపాటల క్లబ్‌తో మొదలైన మనిషి అక్కడితో ఆగకుండా, సేవ చేసే ఆడదానికి చదువు, పోస్టు కావాలని పట్టుబట్టింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యాక, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకు 1958 నుంచి సంక్షిప్త కోర్సులు నడిపించింది. వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు రెండేళ్లలో మెట్రిక్ గట్టెక్కి గ్రామసేవికలుగా, బాలసేవికలుగా, టీచర్లుగా జీతానికి చేరారు. అనుభవం ఉన్న ఆవిడ కాబట్టే ఆవిడకు తెలుసు, ఉత్సాహం ఒక్కదాని మీద సంస్థ పదేళ్లు కూడా నడవదని. అడయార్ వైపు వెళ్తే ఆవిడ పేరున్న రోడ్డు మీద ఆ సభ ఇవాళ్టికీ నడుస్తోంది.

మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపిన న్యాయపతి కామేశ్వరి గారిని, రాఘవరావు గారిని రేడియో అక్కయ్య, అన్నయ్య అని రెండు తరాలు పిలుచుకున్నాయి. 1945లో 'బాల' పత్రిక మొదలుపెట్టింది కూడా వాళ్లే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక వాళ్లు హైదరాబాద్ వెళ్లిపోయారు. వాళ్లతో పాటు మద్రాసు తెలుగు పిల్లల ఆదివారాలూ వెళ్లిపోయాయి. ఆ ఖాళీ ఎవరూ నింపలేదు.

ఆ ఖాళీ ఇప్పుడు ఇంకా పెద్దదైంది. తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చింది. ఒకటో తరగతి నుంచి ఏడాదికి ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. ఉండే రాష్ట్రం భాష నేర్చుకోవడంలో తప్పేమీ లేదు, చెన్నై తెలుగు పిల్లలకు తమిళం రావడం మంచిదే. కానీ బడిలో తెలుగుకు చోటు తగ్గిన మాట నిజం. పెరంబూరులో, వేళచ్చేరిలో, కోడంబాక్కంలో పెరిగే పిల్లకు తెలుగు ఇప్పుడు ఇంట్లో మాట్లాడే భాష, అంతవరకే. డాలస్‌లో పెరిగే పిల్ల పరిస్థితీ అంతే. ఇద్దరికీ అక్షరాలు, పద్యాలు, బుర్రకథ, బతుకమ్మ, గొబ్బెమ్మ ఏవి అందినా బడి బయటే, సాయంత్రం పూట, ఎవరో ఒక ఆంటీ దయవల్లే అందాలి. నాలుగొందల ఏళ్లుగా తెలుగువాళ్లున్న ఊళ్లో ఉండి, నలభై ఏళ్ల కిందట వెళ్లినవాళ్ల స్థితికి వచ్చాం.

ఆ ఆంటీ చేసే పని దగ్గర్నుంచి చూడాలంటే ఉగాదికి ముందు ఏ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌కైనా వెళ్లండి. పెరుంగుడిలో నేను చూసిన రిహార్సల్ చెబుతాను. నేల మీద రంగు టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. పిల్ల నిలబడాల్సిన చోటు అది. ముందు వరసలో బాగా ఆడే పిల్లలు లేరు, ఇద్దరు బెదురు పిల్లలున్నారు. ఎందుకని అడిగితే, "వెనకుంటే పక్కవాళ్లను చూసి తప్పు చేస్తున్నామేమోనని ఆగిపోతారండీ. ముందుంటే నన్నే చూస్తారు" అన్నారామె. ఒక పిల్ల వాళ్లమ్మ వచ్చి మా అమ్మాయి మధ్యలో ఎందుకు లేదని అడిగింది. ఆవిడ గొంతు పెంచకుండా, రెండో చరణంలో మధ్యకు వస్తుందని టేపు చూపించి చెప్పారు. చేతిసంచిలో పిన్నీసులు, వాంతి వస్తే కవర్లు, వాట్సాప్‌లో డెబ్బయ్యారు మెసేజీలు. టెన్షనంతా ఆమెది. మూడు నెలల పాటు వారానికి మూడు సాయంత్రాలు ఇలాగే.

పండగ రోజు స్టేజీ వేసినవాడికి డబ్బు ఇస్తారు. సౌండ్, లైటు, వీడియో, భోజనాలు, పూలు, ముఖ్య అతిథి విమానం టికెట్టు, హోటల్ అన్నిటికీ బిల్లు ఉంటుంది, చెల్లింపు ఉంటుంది. ఆమెను చివర్లో వేదిక మీదకు పిలిచి, ఒక శాలువా, ఒక మెమెంటో ఇచ్చి, "అమ్మగారు లేకపోతే ఈ కార్యక్రమమే లేదు" అని మైకులో చెబుతారు. ఆ మాట నిజం. నిజం కాబట్టే ఖర్చుల పట్టీలో ఆమె పేరు లేకపోవడం నాకు మింగుడుపడదు.

డబ్బు పెడితే సేవాభావం పోతుందని కమిటీలలో పెద్దవాళ్లు అంటారు. నాకు వాళ్ల మీద గౌరవం ఉంది, సొంత జేబులోంచి పెట్టి సంఘాలు నడిపినవాళ్లు వాళ్లు. అయినా ఈ మాట ఒప్పుకోలేను. గుడిలో అర్చకుడికి సంభావన ఇస్తాం, భక్తి పోలేదు. మృదంగ విద్వాంసుడికి రేటు ముందే మాట్లాడుకుంటాం, కళ పోలేదు. ఆడవాళ్లు పిల్లలతో చేసే పని దగ్గరికి వచ్చేసరికే సేవ గుర్తొస్తుంది. ప్రభుత్వాలదీ ఇదే తీరు. 1975లో అంగన్‌వాడీలు పెట్టినప్పటి నుంచి ఆ కార్యకర్తలకు ఇచ్చేది గౌరవ వేతనమే, వాళ్లను ఉద్యోగులుగా లెక్కేయలేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్లకు 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు ఇచ్చేదాకా, ముప్ఫై ఏళ్లు పనిచేసి వట్టి చేతులతో ఇంటికి వెళ్లిన వాళ్లున్నారు. పేద పిల్లల దగ్గర జరిగింది, అపార్ట్‌మెంట్ పిల్లల దగ్గరా జరుగుతోంది. ఈమెకు కోర్టు కూడా లేదు.

చెన్నైకి ఇందులో పెద్ద సౌలభ్యం ఉంది, మనం వాడుకోవడం లేదు. నందనంలో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల ఉంది, 1920లో హ్యారీ క్రో బక్ పెట్టినది. మేరీ క్లబ్‌వాలా జాదవ్ 1952లో పెట్టిన మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఎగ్మూరులో ఉంది. కూచిపూడికీ, భరతనాట్యానికీ గురువులు వీధికొకరున్నారు. విదేశాల్లో కమ్యూనిటీ సెంటర్లు నడిపి తిరిగొచ్చిన అనుభవజ్ఞులున్నారు. వీళ్లందరినీ ఒకచోట చేర్చి, పిల్లల భద్రత, ఫస్ట్ ఎయిడ్, వృద్ధులతో పని, కార్యక్రమం నడపడం కలిపి ఆర్నెల్ల సర్టిఫికెట్ కోర్సు పెట్టడం ఈ ఊళ్లో కష్టమేమీ కాదు. నగరపాలక సంస్థ హాళ్లు ముహూర్తాలు లేని రోజుల్లో తాళం వేసే ఉంటాయి. పార్కుల్లో సాయంత్రం కాపలాదారు ఉంటాడు కానీ ఆడించేవాళ్లు లేరు. తమిళమైనా తెలుగైనా ఆ పోస్టు అందరి పిల్లలకూ పనికొస్తుంది. 1982లో మధ్యాహ్న భోజనం కోసం ఆడవాళ్లకు ఊరూరా పోస్టులు ఇచ్చిన రాష్ట్రం ఇది. కడుపు నింపడానికి పోస్టు పెట్టగలిగితే, ఆడుకోవడానికీ పెట్టగలదు.

అదంతా ప్రభుత్వం చేతిలో పని, టైం పడుతుంది. తెలుగు సంఘాలు చేయాల్సినది మాత్రం వచ్చే కమిటీ మీటింగులోనే తేలిపోతుంది. స్పాన్సర్‌కు పంపే బడ్జెట్‌లో శిక్షకురాలి పారితోషికం అని ఒక పద్దు పెట్టాలి, సౌండ్ సిస్టమ్ కన్నా పైన. ఎంత అన్నది ఆమెతోనే మాట్లాడి, గంటల లెక్కన ముందే రాసుకోవాలి. వద్దంటే ఆమె ఇష్టం. అడగకుండా ఆమె తరఫున కమిటీయే వద్దనేయకూడదు. కార్యక్రమం అయ్యాక సంఘం లెటర్‌హెడ్ మీద ఎంతమంది పిల్లలు, ఎన్ని నెలలు, ఏయే బాధ్యతలు అని వివరంగా అనుభవ పత్రం ఇవ్వాలి, అధ్యక్షుడి సంతకంతో. అమెరికాలో పని అనుమతి లేని అమ్మాయికి జీతం ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు, ఆ పత్రం ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డురాదు. అక్కడి సంఘాలు ఇవాళే మొదలుపెట్టవచ్చు. పాత అధ్యక్షులు బతికుండగానే, వెనకటి పదేళ్లలో పనిచేసిన వాళ్లకు కూడా రాసివ్వవచ్చు. వాళ్ల పేర్లు పాత ఫొటోల్లో, పాత బ్రోచర్లలో ఎటూ ఉన్నాయి.